నమూనా రైలింజనుకు విద్యుత్తు

నమూనా రైలుబండి పిల్లల ఆటవస్తువని తలంపకుడు. ఇంగ్లండులో వయోవృద్ధులును దీనిపై ఏండ్లు వెచ్చింతురు. మోటారు చెడినదని పారవేయనున్న ఇంజనులను నేను పెక్కింటిని విప్పి చూచితిని. వానిలో అధికభాగమునకు మోటారు నిక్షేపముగానే యుండెను. విద్యుత్తు మాత్రము అందుటలేదు.

1938లో వెలువడిన హార్న్‌బీ డబ్లో విద్యుద్బండ్లకు మూడు పట్టాలుండెడివి. నడిమి పట్టానుండి వచ్చిన విద్యుత్తు ఇరువైపుల చక్రముల ద్వారా మరలిపోయెడిది. 1959లో వారు రెండు పట్టాల పద్ధతి తెచ్చిరి. ఇందు విద్యుత్తు ఒక పట్టానుండి వచ్చి రెండవదానికి పోవలెను. నులకమంచమును ఎగుడుదిగుడు నేలపై వేసినచో మూడు కాళ్లపైననే నిలుచునుగదా! నాలుగు చక్రముల ఇంజను గతియు నదే. అప్పుడొక ప్రక్కన ఒక్క చక్రమే పట్టాను తాకును; దానిక్రింద మురికియున్న బండి ఆగును.

కావున ప్రతి చక్రము వెనుకభాగమును తాకునట్లు పలుచని ఫాస్ఫరు కంచు రేకు నమర్పవలెను. గట్టిగా నొక్కినచో చక్రము తిరుగదు. రబ్బరు పట్టీగల చక్రము విద్యుత్తును గ్రహింపదు. వెనుకనున్న టెండరు చక్రములనుండి మెత్తని తీగ తెచ్చుట మరింత మేలు.

పట్టాలను గరుకుకాగితముతో రుద్దుట నాకు సమ్మతముగాదు. ఆ గీతలలో మురికి మరల చేరును. విద్యుత్తు ఆపి, స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడువుడు. పిమ్మట ఇంజనును అతిమెల్లగా నడుపుడు. ఒకేచోట తడబడిన దోషము పట్టాది. అంతటను తడబడిన చక్రములను, రేకులను చూడుడు.