పాత వంతెనలు : పంచాయతీల బాధ్యత

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ప్రసంగింపదలచినది వంతెనలను గూర్చి. అయితే క్రొత్త వంతెనలను గూర్చి కాదు. క్రొత్త వంతెన కావలెనని అర్జీ పెట్టుకొనుట ఎట్లో మీకు మేము చెప్పనక్కరలేదు. తాతముత్తాతల నాడు కట్టబడి, నేటికిని మన బండ్లను, పశువులను, బడిపిల్లలను కాలువలు దాటించుచున్న పాత వంతెనలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము. గుడికి ధర్మకర్త యున్నాడు. చెరువునకు నీరటికాడు ఉండెడివాడు. వంతెనకు మాత్రము నాథుడు లేడు. అందరును దానిపై నడచెదరు. దాని క్రిందికి దిగి చూచువారు అరుదు. అది కూలిననాడే ఊరికి దాని విలువ తెలియును.

ఈ విషయమున ఒక దూరదేశపు పల్లెసీమ అనుభవము మనకు ఉపకరింపగలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అయోవా యను రాష్ట్రము కలదు. అది మొక్కజొన్న పంటకు పేరుపొందిన వ్యవసాయ రాష్ట్రము. అందు మాడిసన్ కౌంటీ యను ఒక చిన్న ప్రాంతమున్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటి పాలనా విభాగమే గాని, ఈ కౌంటీ జనసంఖ్య మన మండలములలో పెక్కింటి జనసంఖ్యకు చాలదు. 2020 జనాభా లెక్కల ప్రకారము అచటి జనులు సుమారు 16,500 మంది. వింటర్‌సెట్ అను చిన్న పట్టణము దానికి కేంద్రము. ప్రజలెన్నుకొనిన సూపర్వైజర్ల బోర్డు పాలనను నడుపును. పల్లె మార్గములును, వానిపై వంతెనలును ఆ బోర్డు అధీనమున నుండును. అనగా అచట వంతెనలకు బాధ్యులు మీవంటి వారే.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ బోర్డువారు ఏరులపై కొయ్యవంతెనలు కట్టించిరి. కొయ్యకు శత్రువు నీరు. ఎండకు ఎండి, వానకు నాని దూలములు కొలది సంవత్సరములలోనే చివికిపోవును. పెద్ద దూలములు మిక్కిలి వెల గలవి. పలుచని పలకలు చౌక. బోర్డువారు ఈ లెక్క చూచుకొని, వంతెనకు ఇరుప్రక్కల పలకగోడలు కట్టి, పైన కప్పు వేయింపుడని ఆజ్ఞాపించిరి. కప్పు పాడైనచో చౌకగా మార్చుకొనవచ్చును. క్రింది దూలము మాత్రము చెక్కుచెదరదు. దూరమునుండి చూచువారికి ఆ వంతెన ఏటిపై నిలిచిన కొట్టము వలె కానవచ్చును. చూచువారు దానిని అలంకారమని తలతురు. అది అలంకారము కాదు, పొదుపు. మన పల్లెలలో మట్టిగోడలపై వానకాలమునకు ముందు తాటాకు కప్పుట లేదా? స్వామివారి రథమునకు ఏడాది పొడుగునను పాక వేసి యుంచుట లేదా? ఆ బుద్ధియే ఇదియును. స్వల్ప వ్యయముతో పెద్ద ఆస్తిని కాపాడుకొనుట యనునదే మా ప్రసంగ సారాంశము.

ఆ కౌంటీలో ఇట్టి కప్పు వంతెనలు మొత్తము 19 ఉండెడివి. వంతెనకు దగ్గరలో ఎవరి ఇల్లున్నదో వారి పేరే దానికి స్థిరపడెడిది. మన ఊళ్లలో ఫలానావారి తూము, ఫలానావారి రేవు అని వాడుకపడినట్లే. నేడు అచట మిగిలినవి ఆరు. వానిలో మిక్కిలి పాతవి 1870లో కట్టిన ఐమ్స్ వంతెన, కట్లర్-డోనహో వంతెన. 1880లో కట్టిన హాలివెల్ వంతెన 122 అడుగుల పొడవుతో అన్నింటికంటె పెద్దది. 1883లో కట్టిన రోజ్‌మన్ వంతెన, సీడర్ వంతెన, 1884లో కట్టిన హాగ్‌బ్యాక్ వంతెన తక్కినవి. వీనిలో పెక్కింటిని కట్టిన పనివాడు బెంటన్ జోన్స్.

తక్కిన 13 వంతెనలు ఏమైనవని మీరడుగవచ్చును. వానిలో ఒక దాని కథ మాత్రము చెప్పుదుము. మెక్‌బ్రైడ్ వంతెన అను పేరు గల దానిని 1983లో ఒకరు నిప్పు పెట్టి కాల్చివేసిరి. వరదలకును, బండ్ల బరువునకును ఓర్చిన వంతెన ఒక అగ్గిపుల్లకు ఆహుతియయ్యెను.

మిగిలిన వానిని నిలుపుకొనుటకు ఆ కౌంటీ వారు పలు మార్గములు త్రొక్కిరి. రాకపోకలు పెరిగిన చోట పాత వంతెనను పగులగొట్టక, దానిని ఊడదీసి వేరొక చోట నిలిపిరి. సీడర్ వంతెనను 1921లో ఇట్లే తరలించిరి. కట్లర్-డోనహో వంతెనను 1970లో వింటర్‌సెట్ ఉద్యానవనమునకు చేర్చిరి. ఐమ్స్ వంతెన రెండు పర్యాయములు చోటు మారి, 1977 నుండి సెయింట్ చార్లెస్ అను ఊరిలో నున్నది. 1976లో కప్పు వంతెనలు ఆ దేశపు చారిత్రక స్థలముల జాతీయ పట్టికలో చేరినవి. 1992 మొదలు 1998 వరకు ఆరింటికిని వరుసగా మరమ్మతులు జరిగినవి.

ఇంతలో వేరొక విశేషము సంభవించెను. 1992లో రాబర్ట్ జేమ్స్ వాలర్ అను రచయిత ఈ వంతెనల నేపథ్యముగా ఒక నవల వ్రాసెను. 1995లో అది చలనచిత్రముగా వెలువడెను. అంతటితో ఆ చిన్న సీమ పేరు ప్రపంచమంతటను వ్యాపించెను. వంతెనలను చూచుటకు యాత్రికులు రాసాగిరి. అయితే ఒక సంగతి గమనింపుడు. నవల వచ్చుటకు 22 సంవత్సరములు ముందే, అనగా 1970లోనే, ఆ ప్రాంతీయులు ఏటేట అక్టోబరు మాసములో వంతెనల ఉత్సవము జరుపనారంభించిరి. కీర్తి వచ్చినందున వారు వంతెనలను కాపాడలేదు. కాపాడి యుంచినందుననే, కీర్తి వచ్చిన నాటికి చూపుటకు వారియొద్ద వంతెనలు ఉండెను.

ఇక సీడర్ వంతెన కథ వినుడు. ఆరింటిలోను వాహనములు పోవుటకు తెరచియుంచినది అప్పటికి అదియొక్కటియే. 1998లో దానికి మరమ్మతు చేసిరి. 2002 సెప్టెంబరులో ఎవరో దానికి నిప్పుపెట్టిరి. నాటి 1883 కొయ్యపని యంతయు బూడిదయ్యెను. కౌంటీ వారు నిరాశ చెందలేదు. పూర్వపు నమూనా పత్రముల ననుసరించి అట్టి వంతెననే 2004లో మరల కట్టిరి. 2017 ఏప్రిలులో మరల నిప్పు! ఈ పర్యాయము పట్టుబడినవారు ముగ్గురు యువకులు. 2019లో ఆ వంతెన మూడవ పర్యాయము లేచి నిలిచెను.

ఈ కథ నుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది: కొలతలును, నమూనాయును భద్రపరచి యుండుటచేతనే వారు కూలిన దానిని తిరిగి నిలుపగలిగిరి. మన ఊరి వంతెన రేపు వరదకు కొట్టుకొనిపోయినచో, అది ఎట్లుండెనో చూపు కాగితము మనయొద్ద నున్నదా? రెండవది: వంతెనను నిజముగా కాపాడునది కాపలావాడు కాదు, ఊరి పిల్లల మనస్సు. ఇది మనదని తెలిసిన పిల్లవాడు దానికి నిప్పుపెట్టడు, దాని రాయి పెరుకడు.

మన దేశమునందును పాత వంతెనల కథలు తక్కువ కావు. కోనసీమలో వైనతేయ పాయపై పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున కట్టిన గన్నవరము అక్విడక్టు 49 కమానులతో నిలిచి, నగరము లంకకు కాలువనీటిని దాదాపు 150 సంవత్సరములు మోసెను. 2000 సంవత్సరములో దాని ప్రక్కన క్రొత్తది వెలసినది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిరి. రాజమహేంద్రవరము నొద్ద 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన 56 ఖానాలతో 1997 వరకు రైళ్లను దాటించెను. ఇవి పేరుగలవి, వీనిని తలచువారు కలరు. మేము చెప్పునది పేరులేని వానిని గూర్చి. పొలిమేరలో, పంటకాలువపై, బండిబాటలో సున్నమును ఇటుకయును చేర్చి కట్టిన ఒంటి కమాను వంతెనలకు పంచాయతీయే దిక్కు.

రాజ్యాంగమును ఈ భారము నెరిగియే యున్నది. 1992 నాటి 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. అందు పదమూడవది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములు. వంతెన రోడ్లు భవనముల శాఖది కావచ్చును, నీటిపారుదల శాఖది కావచ్చును. దానిని ప్రతిదినము చూచు కన్ను మాత్రము మీది.

అందువలన పంచాయతీలు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదుము. వీనిలో పెద్ద ధనవ్యయము అవసరమైనది ఏదియు లేదు.

మొదటిది, లెక్క. గ్రామ పరిధిలోని ప్రతి పాత వంతెన పేరు, ఉన్న చోటు, పొడవు వెడల్పులు, కమానుల సంఖ్య, పెద్దలకు తెలిసిన చరిత్ర ఒక పుస్తకమున వ్రాయింపుడు. నాలుగు వైపుల నుండి ఛాయాచిత్రములు తీయింపుడు. శాఖ ఇంజనీరుచే కొలతల పటము గీయించి, పంచాయతీ కార్యాలయమున భద్రపరపుడు.

రెండవది, మొక్కలు. రావి, మర్రి విత్తనములను పక్షులు వంతెన సందులలో విడుచును. బెత్తెడు మొక్కను ఒక పిల్లవాడు పెరుకగలడు. అయిదేండ్లు విడిచినచో దాని వేరు కమానును చీల్చును. అప్పుడు ఇంజనీరు వచ్చినను కష్టమే. వానకాలము వెళ్లిన వెంటనే ఏటేట ఒక దినము దీనికి కేటాయింపుడు.

మూడవది, నీటి దారి. కమానుల మొగమున పేరుకొనిన చెత్త, గుర్రపుడెక్క, పూడిక తొలగింపుడు. దారి మూసికొనిన నీరు వంతెన ప్రక్క గట్టును కోసివేయును. వంతెనపై నిలిచిన నీరు బయటికి పోవు రంధ్రములను తెరచియుంచుడు.

నాలుగవది, ఇసుక. వంతెన స్తంభము నదిగర్భములోని ఇసుకను నమ్మి నిలిచియుండును. ఆ ఇసుకను త్రవ్వితిమా, స్తంభము కాలు తీసినట్లే. వంతెనలకు 500 మీటర్ల లోపల ఇసుక త్రవ్వరాదని వాల్టా నిబంధనలు చెప్పుచున్నవి. త్రవ్వువాడు మన ఊరివాడైనను, మన బంధువైనను ఆపవలసినది మీరే. ఇది కష్టమైన పని యని మేమెరుగుదుము. పంచాయతీ ధైర్యము పరీక్షకు వచ్చునది ఇచ్చటనే.

అయిదవది, బరువు. బండ్లకై కట్టిన కమానుపై నేడు ఇటుక లారీలును, వరికోత యంత్రములును పోవుచున్నవి. ఎంత బరువు ఓర్వగలదో శాఖవారి నడిగి, బోర్డు వ్రాయించి, అవసరమైనచోట అడ్డుకమ్మి వేయింపుడు.

ఆరవది, మరమ్మతు. సున్నముతో కట్టిన గోడకు పైన సిమెంటు పూయుట మేలని పలువురు తలతురు. అది పొరపాటు. సున్నపు గోడ తనలోని తేమను మెల్లగా బయటికి విడుచును; సిమెంటు పూత దానిని లోపలనే బంధించును. అప్పుడు ఇటుక పొరలు పొరలుగా రాలును. పాత గోడకు సున్నపు పనియే తగినది. తెలిసిన మేస్త్రీని, ఇంజనీరును సంప్రదింపక చేయి పెట్టకుడు.

త్రాగునీటికే ధనము చాలకయున్నప్పుడు పాత వంతెనల గొడవ ఏల యని మీలో కొందరు తలపవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. త్రాగునీటి ధనమును వంతెనకు మరల్పుమని మేము చెప్పుటలేదు. మొక్క పెరుకుటకు, చెత్త తీయుటకు, పుస్తకము వ్రాయుటకు కావలసినది ధనము కంటె శ్రద్ధ. ఆ శ్రద్ధ లేక ఒక వంతెన కూలినచో, ఆ వర్షాకాలమున పొలమునుండి ధాన్యము కదలదు, పురిటి మనిషి ఆసుపత్రికి చేరదు, పిల్లలు మైళ్ల కొలది చుట్టు తిరిగి బడికి పోవలెను. క్రొత్త వంతెన మంజూరగు నాటికి ఎన్ని వానలు కురియునో మీకు తెలియును.

ప్రతి పాత వంతెనయు నిలువవలెనని కూడ మేము వాదింపము. ప్రాణాపాయకరమని ఇంజనీరు తేల్చినదానిపై రాకపోకలు ఆపవలసినదే. అయితే రాళ్ల కొరకు దానిని పడగొట్టుటకు ముందు గ్రామసభలో ఒక మాట చర్చింపుడు. ప్రక్కన క్రొత్తది కట్టి, పాతదానిని నడకదారిగా నిలుపవచ్చునేమో విచారింపుడు.

రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో "మన ఊరి పాత వంతెనలు" అను ఒక అంశమును చేర్పుడని మా విన్నపము. సభకు ముందు సర్పంచి, సభ్యులు, బడి ఉపాధ్యాయుడు, కొందరు పిల్లలు కలిసి ప్రతి వంతెన క్రిందికిని ఒక్కసారి దిగి చూడుడు. అచట కనిపించిన పగులును, మొలచిన మొక్కను అదే దినమున వ్రాసికొనుడు. మిగిలిన పని ఆ కాగితమే మీచేత చేయించును.