కోనోకార్పస్ ఆపుదాం, కానుగ నాటుదాం

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, కరెంటు, పంట రుణాల గురించి మాట్లాడుకునే వేదిక మీద చెట్ల ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన పంచాయతీ డబ్బుతో, మన ఉపాధి హామీ కూలీల చెమటతో, మన చెరువు కట్ట మీద ఏ చెట్టు నాటాలో మనల్ని అడగకుండానే నిర్ణయం జరిగిపోతున్నది. అందుకే ఇది సంఘం మాట్లాడవలసిన విషయం.

రోడ్ల డివైడర్ల మీద, బడి ప్రహరీ వెంట, వెంచర్ల చుట్టూ ఏడాది పొడవునా పచ్చగా, కత్తిరించి పెట్టినట్టు నిలబడే చెట్టును మీరంతా చూశారు. దాని పేరు కోనోకార్పస్. అందులో ఒక రకం అమెరికా ఖండపు వేడి తీరాల్లో, పశ్చిమ ఆఫ్రికా తీరంలో మడ అడవుల అంచున పెరిగేది. ఇంకో రకం సోమాలియా, యెమెన్ వైపుది. ఎండకు, ఉప్పు నేలకు తట్టుకుంటుందని గల్ఫ్ దేశాల్లో విరివిగా పెట్టారు. తర్వాత మన నర్సరీలకూ చేరింది.

మన ఊళ్లలోకి ఇంత వేగంగా ఎలా వచ్చింది? తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పి, ఆ బాధ్యతను సర్పంచ్, కార్యదర్శి మీద పెట్టింది. వేప మొక్కను మేక కొరికితే లెక్క తప్పుతుంది. త్వరగా ఎదిగి, పశువులు అంతగా ముట్టని మొక్క పెడితే లెక్క కుదురుతుంది. తనిఖీకి వచ్చినవారు ఎన్ని బతికాయని అడుగుతారు గాని, ఏవి బతికాయని అడగరు. ఒక్క సర్పంచ్‌ను తిట్టి లాభం లేదు, లెక్క అడిగే తీరే మారాలి.

2023 సెప్టెంబరులో గుజరాత్ అటవీ శాఖ ఈ చెట్టును అటవీ భూమిలోనూ బయటా నాటవద్దని ఆదేశించింది. చలికాలంలో పూసే దీని పుప్పొడితో జలుబు, దగ్గు, ఆయాసం, ఎలర్జీ వస్తున్నాయని, లోతుకు పోయే వేళ్లు మంచినీటి, మురుగునీటి పైపులను, కేబుళ్లను పాడు చేస్తున్నాయని అందులో చెప్పింది. మన దగ్గర కూడా నాటడం ఆపమని అధికారులు చెప్పారు. నాటినవి మాత్రం అలాగే ఉన్నాయి, ప్రైవేటు నర్సరీల్లో అమ్మకమూ సాగుతున్నది.

ఇక మన అసలు సంగతి, నీళ్లు. మన నేల కింద ఉన్నది ఎక్కువగా రాయి. పైన కొద్ది మీటర్ల మెత్తని పొర, దాని కింద గ్రానైట్ పగుళ్లు. మన బోరుకు వచ్చే నీళ్లన్నీ వాటిలోనివే. వాన పడితే ముందు పైమట్టి దాహం తీరాలి, మిగిలినదే కిందికి దిగుతుంది. మోదుగ, ఇప్ప లాంటి మన చెట్లు ఎండలు ముదిరేలోపు ఆకు రాల్చి తమ ఖర్చు తగ్గించుకుంటాయి. ఏడాదంతా నిండు ఆకుతో ఉండే చెట్టు, వేరుకు తడి అందినంతకాలం ఏప్రిల్, మే నెలల్లోనూ తాగుతూనే ఉంటుంది. అలాంటివి ఒత్తుగా వరసగా పెడితే తొలకరి వాన ఆ ఎండిన మట్టిని తడపడానికే సరిపోతుంది.

అయితే నిజం నిజంగానే మాట్లాడుకోవాలి. మన బోర్లు ఎండడానికి కారణం డివైడర్ మీది చెట్టు ఒక్కటే కాదు. ఒక ఎకరంలో మీటరు లోతు నీళ్లంటే సుమారు 40 లక్షల లీటర్లు. వరికి తోడేది దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది. తోడకం తగ్గించే మాట వేరే మాట్లాడుకుందాం. కానీ ఊట కుంట పక్కన, చెరువు కట్ట మీద, తాగునీటి బోరు చుట్టూ ఇలాంటి చెట్లు పెట్టడమంటే, ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడుకోవడమే.

ఇలాంటి తప్పు మనకు కొత్త కాదు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో ఒక చెట్టు పెంచారు. కరువు నేలలో వంటచెరకు కోసమని పెట్టిన ఆ చెట్టునే ఈనాడు సర్కారు తుమ్మ అంటున్నాం. చెరువుల శిఖాల్లో, బీడుల్లో దాన్ని పెకలించలేక ఇప్పటికీ అవస్థ పడుతున్నాం. తెచ్చినవారు పోయారు, ముల్లు మనకు మిగిలింది.

పరాయిదంతా చెడ్డదని నేననను. మిరప అమెరికా నుంచి వచ్చింది, చింత ఆఫ్రికాది. రెండూ లేకుండా మన కూర లేదు. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ చెట్టు మనకేమిస్తుంది? కానుగ నేలకు నత్రజని ఇస్తుంది, దాని రొట్ట వరి మడికి ఎరువు, గింజ నూనెకు పనికొస్తుంది. రావి, మర్రి, మేడి పండ్లు పిట్టలకు తిండి. ముసలి చెట్టు తొర్రలో, మోడైన తాటి మొద్దులో పాలపిట్ట గూడు పెడుతుంది, మన చేలల్లో పురుగులను తింటుంది. కోనోకార్పస్ వరస పక్కన నిలబడి ఇవన్నీ లెక్క వేసుకోండి.

అందుకని నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, నర్సరీ సంచులు నింపకముందే గ్రామసభలో ఏ మొక్కలు కావాలో తీర్మానం చేయిద్దాం: వేప, కానుగ, నేరేడు, చింత, రావి, జమ్మి. వాగు ఒడ్డుకు తెల్లమద్ది, గట్లకు ఈత, తాటి.

రెండు, విత్తనం మనమే సేకరిద్దాం. వేప గింజ కొన్ని వారాల్లోనే మొలక శక్తి కోల్పోతుంది. రాలిన వెంటనే కడిగి, నీడలో ఆరబెట్టి విత్తాలి.

మూడు, ఉన్న కోనోకార్పస్‌ను ఒక్కసారిగా కొట్టేసి నీడ పోగొట్టుకోవద్దు. పక్కన మన మొక్క నాటి, అది మనిషెత్తు దాటాక తీసేద్దాం. మొదలు నరికితే మళ్లీ చిగురిస్తుంది, మొద్దుతో సహా పెకలించాలి. 2002 వాల్టా చట్టం ఉంది కనుక అనుమతి తీసుకునే చేద్దాం. నీటి వనరుల దగ్గరివి ముందు.

నాలుగు, మేకల నుంచి కాపాడే కంచెకు, రెండు మూడు ఎండాకాలాల నీళ్లకు ఉపాధి హామీలో పని దినాలు అడుగుదాం. వేప, కానుగ కాస్త ఆలస్యంగా ఎదుగుతాయి. ఆ ఆలస్యానికి కూలి ఇవ్వమని అడగడం మన హక్కు.

వచ్చే గ్రామసభకు ప్రతి ఊరి కమిటీ ఈ తీర్మానం రాసుకుని వెళ్లాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.