ఆసుపత్రి గుమ్మం దగ్గర పరీక్ష: మన అనుభవం చెప్పే పాఠం

(కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించి, పింఛనును గురించి, ఖాళీల భర్తీని గురించి ఉదయం నుండి చర్చించుకున్నాము. ఈ పూట మేము ఎత్తుకున్న విషయం మొదట వినగానే మనది కాదనిపించవచ్చును. ఆసుపత్రులలో శిక్షణకు చేరే విద్యార్థుల పూర్వ చరిత్రను విచారించటం, వారికి మాదకద్రవ్య పరీక్షలు జరపటం అనేవి అమెరికాలో నేడు సర్వసాధారణమైనవి. రైలు నడిపేవారికి, ఉత్తరాలు పంచేవారికి దీనితో ఏమి పని?

పని ఉన్నది. మన క్వార్టర్లలో పెరిగిన పిల్లలు నేడు నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదువుతున్నారు. వారిలో కొందరు ఆ దేశానికి వెళ్ళి చదువుతున్నారు. ఇది ఒక కారణం. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ పరీక్షల న్యాయాన్యాయాలు అక్కడ ముందుగా తేలినది ఆసుపత్రులలో కాదు, రైల్వేలలో, తపాలా కార్యాలయాలలో. సంఘబలం ఉన్న కార్మికుడు పోరాడి కొంత రక్షణ సంపాదించుకున్నాడు. సంఘం లేని విద్యార్థికి పరీక్ష మాత్రం మిగిలినది, రక్షణ మిగలలేదు. మేము చెప్పదలచుకున్నది ఇంతే.

విద్యార్థి పరిస్థితి ఎట్లున్నదో చూడండి. కళాశాలలో సీటు వచ్చినంత మాత్రాన చాలదు. రోగుల మధ్య శిక్షణ పొందనిదే కోర్సు పూర్తి కాదు. ఆ శిక్షణ ఇచ్చే ఆసుపత్రి, నేరచరిత్ర విచారణలోను మూత్ర పరీక్షలోను నెగ్గినవారినే పంపవలెనని కళాశాలతో ఒప్పందం చేసుకుంటుంది. ఈ పరీక్షల ఖర్చు చాలా చోట్ల విద్యార్థి నెత్తినే పడుతుంది. ఫలితం ప్రతికూలంగా వస్తే ఎవరితో చెప్పుకోవలెను? ‘నీవు మా ఉద్యోగివి కావు’ అని ఆసుపత్రి అంటుంది. ‘ఆ నిబంధన ఆసుపత్రిది’ అని కళాశాల అంటుంది. కాంట్రాక్టు కార్మికుల విషయంలో మనం నిత్యం వింటున్న జవాబే ఇది.

అయితే పరీక్షలే వద్దనటం మా ఉద్దేశం కాదు. మంచం మీద ఉన్న రోగి నిస్సహాయుడు. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి మందులు ఉన్న అలమర తాళాలు ఎవరి చేతిలో ఉన్నవో చూడవలసిందే. శిక్షణ పొందేవారికి కూడా భద్రత కావలెను. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగినవి. 2025 జనవరిలో ఆ నేరానికి శిక్ష పడినవాడు పోలీసులకు సహాయకునిగా ఆసుపత్రిలో తిరిగిన సివిక్ వాలంటీరు. లోపలికి ఎవరిని రానిస్తున్నారన్న ప్రశ్న మన దేశంలో కూడా ఆనాటి నుండి బలంగా వినిపిస్తున్నది.

మత్తులో ఉన్న మనిషి సిగ్నలు దాటితే ఏమవుతుందో రైల్వే కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. 1987 జనవరి 4న మేరీలాండ్ రాష్ట్రంలోని చేజ్ వద్ద కాన్‌రైల్ సంస్థ ఇంజన్లు సిగ్నలు దాటి ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు దారిలోకి వచ్చినవి. 16 మంది మరణించారు. ఆ ఇంజన్ డ్రైవరు, బ్రేక్స్‌మన్ గంజాయి సేవించినట్లు తేలినది. అంతకుముందే, ప్రమాదాల అనంతరం రక్తం, మూత్రం పరీక్షించవలెనని చేసిన నిబంధనలను రైల్వే కార్మిక సంఘాలు కోర్టులో సవాలు చేసి ఉన్నవి. 1989లో అమెరికా సుప్రీంకోర్టు, వ్యక్తిగత అనుమానానికి ఆధారం లేకపోయినా పరీక్షించవచ్చునని ఏడుగురు న్యాయమూర్తుల ఆధిక్యతతో తీర్పు చెప్పినది. సంఘాలు వ్యాజ్యం ఓడినవి. కాని 1991లో వచ్చిన రవాణా కార్మికుల పరీక్షా చట్టం కొన్ని రక్షణలను కూడా కల్పించినది. నమూనాను రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని పునఃపరీక్షకు దాచవలెను. మొదటి పరీక్షలో దోషం కనిపిస్తే మరింత కచ్చితమైన పద్ధతిలో నిర్ధారించవలెను. ఆ చట్టం క్రింద నడిచే పద్ధతిలో, ఫలితాన్ని యజమానికి పంపేముందు ఒక వైద్యుడు కార్మికుని వివరణ వింటాడు. నర్సింగు విద్యార్థికి ఇవి హక్కుగా రావు. కళాశాల దయ తలిస్తే ఉంటవి, లేకపోతే లేవు.

ఈ రక్షణలు ఎందుకు అవసరమో చెప్పుతాము. గంజాయి ఛాయలు మూత్రంలో రోజుల తరబడి, అలవాటుపడినవారిలో వారాల తరబడి నిలిచి ఉంటవి. అంటే పరీక్ష చెప్పేది గతాన్ని గురించి. ఈ గడియలో చేయి వణుకుతున్నదా లేదా అన్నది అది చెప్పదు. ఇక మన వంటింటి గసగసాలను తీసుకోండి. అవి గసగసాల మొక్క గింజలే కనుక, తిన్నవారి మూత్రంలో మార్ఫిన్ కనిపించవచ్చును. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షలో నల్లమందు జాతి పదార్థాల పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుండి 2000కు పెంచినది. కుర్మా తిని పరీక్షకు వెళ్ళిన మన ఆడపిల్ల మాట వినటానికి ఒక వైద్యుడు లేకపోతే ఆమె గతి ఏమిటి?

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2025 ఫిబ్రవరిలో కేరళలోని ఒక రైల్వే డివిజన్‌లో, శ్వాస పరీక్షలో మద్యం ఛాయలు కనిపించిన వివాదం మీద, డ్యూటీకి ముందు హోమియో మందులు, కొబ్బరినీళ్ళు, కొన్ని పండ్లు తీసుకోరాదని లోకో పైలట్లకు ఉత్తర్వు వెలువడినది. విమర్శలు చెలరేగిన పిమ్మట దానిని ఉపసంహరించినారు. యంత్రాన్ని శంకించవలసిన చోట మనిషిని శంకించటం ఎంత సులభమో గమనించండి.

తపాలా సోదరులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. బోస్టన్ నగరంలో 2,537 మంది తపాలా ఉద్యోగులకు చేరేముందు మూత్ర పరీక్ష జరిపి, ఫలితాన్ని నియామకానికి వాడకుండా వారి పనితీరును గమనించినారు. ఆ నివేదిక 1990లో వెలువడినది. గంజాయి కనిపించినవారిలో ప్రమాదాలు 55 శాతం, గైరుహాజరు 78 శాతం అధికంగా ఉన్నవి. హాని ఉన్నది, కాదనము. కాని అంతకుముందు ప్రచారం చేసినంత లేదని కూడా ఆ పరిశోధకులే తేల్చినారు. నిజాన్ని నిజమంతే చెప్పవలెను.

ఇక పూర్వ చరిత్ర. బక్ గ్రీన్ అనే నల్లజాతి యువకుడు 1970లో మిస్సోరీ పసిఫిక్ రైల్వేలో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినాడు. సైన్యంలో చేరటానికి నిరాకరించి జైలుకు వెళ్ళినవాడని రైల్వే త్రోసిపుచ్చినది. ఏ నేరమైనా సరే, శిక్ష పడినవారందరికీ శాశ్వతంగా తలుపు మూయటం చెల్లదని 1975లో అప్పీలు కోర్టు చెప్పినది. నేరం ఎటువంటిది, ఎంత కాలం గడిచినది, చేయబోయే పనితో దానికి సంబంధమేమి అన్న మూడు ప్రశ్నలు ఆ వ్యాజ్యం నుండే వచ్చినవి.

అటెస్టేషన్ ఫారం నింపిన మనకు ఈ బాధ తెలియనిది కాదు. 1974 మే 8న ప్రారంభమైన రైల్వే సమ్మెలో వేలాది మంది అరెస్టయినారు. అరెస్టే అనర్హత అయితే వారందరూ నేరస్థులేనా? 1983లో సుప్రీంకోర్టులో మన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు, గతంలోని రాజకీయ కార్యకలాపాలపై పోలీసు నివేదికను చూపి ఒక ఉపాధ్యాయుని తొలగించటం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పునిచ్చినారు. 2016లో అవతార్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం, అభ్యర్థి నిజమే చెప్పవలెనంటూనే, చిన్న వయసులో నినాదాలు చేయటం వంటి స్వల్ప విషయాలను దాచినా యజమాని క్షమించవచ్చునన్నది.

చివరగా ఒక మాట. చార్లెస్ కల్లెన్ అనే నర్సు 2003లో అరెస్టు అయ్యే వరకు 16 సంవత్సరాలు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఆసుపత్రులలో పనిచేసి, రోగులను మందులతో చంపినాడు. అనుమానాలు తలెత్తినా యాజమాన్యాలు తరువాతి ఆసుపత్రికి చెప్పక సాగనంపినవి. అతనిని ఆపవలసినది మూత్ర పరీక్ష కాదు, యాజమాన్యాల నిజాయితీ. న్యూజెర్సీ 2005లో ఆ బాధ్యతను చట్టం చేసినది.

కనుక మనం కోరవలసినవి ఇవి. చేరేముందే నిబంధనలను వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఖర్చు సంస్థ భరించవలెను. నిర్ధారణ పరీక్ష లేకుండా, విద్యార్థి వివరణ వినకుండా ఎవరినీ వెళ్ళగొట్టరాదు. అరెస్టును నేరనిర్ధారణగా పరిగణించరాదు. ఫలితం రహస్యంగా ఉంచవలెను. వ్యసనానికి లోబడినవారికి చికిత్స, తిరిగి వచ్చే మార్గం ఉండవలెను.

మీ పిల్లలు ఫారం మీద సంతకం పెట్టేముందు, మీరు వారి ప్రక్కన కూర్చొని ప్రతి పంక్తి చదివించండి. వాడుతున్న మందుల చీటీలు భద్రపరచమనండి. నిజం దాచవద్దని చెప్పండి. సమాధానం కోరే హక్కు తమకు ఉన్నదని కూడా చెప్పండి. ఆ హక్కు కోసం మన ముందుతరం నష్టపోయినది. దానిని రేపటి తరానికి అందించటం మన విధి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!