ఉబ్బసముగల బిడ్డ - ఇంటి పెద్దలు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాడను, వైద్యుడను గాను. అయినను ఉబ్బసమును గూర్చి మీతో ముచ్చటింప బూనితిని. కారణము మా యింటనే యున్నది.

నా మనుమరాలికి పదునైదేండ్లు. ఏడవయేటనుండి ఉబ్బసము. మన ఆయుర్వేద గ్రంథములు చెప్పిన యైదు శ్వాసరోగములలో దీనికి తమకశ్వాసమని పేరు. ఆ పేరు నాకు తెలియును; పిల్ల బాధ మాత్రము తెలియలేదు. డాక్టరుగారు పీల్చు మందు నిచ్చినప్పుడు, "నలుగురిలో దాన్ని బయటకు తీయకమ్మా, రేపు సంబంధాలు చూడవలసిన పిల్లవు" అని చెప్పినవాడను నేనే.

గత మాఘమాసమున బంధువుల యింటి పెండ్లికి పోయితిమి. హోమధూమము, గాడిపొయ్యిల పొగ, పైగా మంచు. రాత్రి పిల్ల కనబడలేదు. వెదుకగా కొట్టుగది తలుపు వెనుక మోకాళ్లపై చేతులూని కూర్చుండి ఊపిరికై పెనుగులాడుచుండెను. మందేదని యడిగితిని. "మీరే... వద్దన్నారుగా... తాతయ్యా" అనెను. 108కు ఫోను చేసి ఆసుపత్రికి కొనిపోయితిమి. పిల్ల దక్కినది. తెల్లవారువరకు ఆ మూడు మాటలే నా చెవులలో మ్రోగుచుండెను.

పిమ్మట డాక్టరుగారియొద్ద శిష్యునివలె కూర్చుండి పాఠము చెప్పించుకొంటిని. ఈ వ్యాధిలో ఊపిరిగొట్టముల లోపలిపొర వాచి, చుట్టునున్న కండరములు బిగిసి, కఫము పేరుకొని, గాలి పోవు దారి యిరుకగును. వాపును తగ్గించు మందొకటి. దానిని సుఖముగానున్న దినములందును వైద్యుడు చెప్పినట్లు పీల్చవలెను. బిగువును సడలించునది వేరొకటి. పిల్లలు వెంటనే సుఖమిచ్చు రెండవదానినే నమ్ముకొని మొదటిదానిని మానివేయుదురు. పండ్రెండేండ్లు దాటినవారికి ఈ రెండవదానినొక్కదానినే యిచ్చుట తగదని అంతర్జాతీయ మార్గదర్శకములు 2019లో స్పష్టపరచినవి.

పీల్చు మందు అలవాటగును, మాత్రయే మేలని మన యరుగులమీద అనుకొందుము. లెక్క చూడుడు. సాల్బుటమాల్ పెద్ద మాత్రలో 4 మిల్లీగ్రాముల మందుండును. పీల్చునది ఒక్కసారికి 100 మైక్రోగ్రాములు, అనగా అందులో నలువదవ పాలు. తిన్నగా ఊపిరిగొట్టములకే పోవును గనుక అంత స్వల్పమే పనిచేయును.

ఎదుగుచున్న బిడ్డకు రోగముకంటె సిగ్గు బరువు. మేము వాలీబాలు మాన్పించియుంటిమి. డాక్టరుగారు మరల ఆడుమనిరి. ఇప్పుడు మందు వేళలు తానే కాలెండరుపై గుర్తించుకొనును. వైద్యునితో తానే మాటలాడును. నేను ప్రక్కన ఊరక కూర్చుందును. పంతులుకు ఇంతకంటె కష్టమైన పని లేదు! వాపు మందు పీల్చిన పిదప నోరు పుక్కిలించుమని మాత్రము జ్ఞాపకము చేయుదును.

ఆయాసము హెచ్చినప్పుడు పండుకొనబెట్టరాదు, కూర్చుండబెట్టవలెను. మందు పీల్చినను మాట పూర్తిచేయలేకున్నను, పెదవులు నీలమైనను, పక్కటెముకల నడుమ చర్మము లోనికి పోవుచున్నను, పసరులకనియు దిష్టి తీయుటకనియు జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక మన చుట్టపొగ. నలువదేండ్ల యలవాటును నేను మానితిని. మిత్రులు చుట్ట వెలిగింపవలసిన వీధి చివరి చింతచెట్టు క్రిందికి పోవుచున్నారు. మొన్న వారందరు మా యరుగుమీదనుండగా పిల్ల వచ్చి, నా ప్రక్కనే నిలిచి మందు పీల్చి, లోనికి పోయినది. ఎవరును ఏమియు ననలేదు.