రేసింగ్ క్లచ్ వేసుకుని గూడెం ట్రాఫిక్‌లో తిరగగలమా?

మనం రీమ్యాప్ గురించి ఎప్పుడు మాట్లాడినా కింద ఒకటే ప్రశ్న: "అన్నా, క్లచ్ జారుతోంది, రేసింగ్ క్లచ్ వేయించెయ్యనా?" డబ్బులు పెట్టే ముందు, అది రోజూ మీ ఎడమ కాలికి ఎలా తెలుస్తుందో చూద్దాం.

ముందు బేసిక్. ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. రెండూ కలిసేటప్పుడు క్లచ్ మెత్తగా జారాలి. కలిశాక అస్సలు జారకూడదు. కంపెనీ క్లచ్ ఈ రెండిటికీ మధ్యలో రాజీ. రేసింగ్ క్లచ్‌లో మొదటి పనిని చాలావరకు వదిలేసి, రెండోదాని మీదే పెడతారు దృష్టంతా.

క్లచ్ ఎంత టార్క్ మోస్తుందన్నది నాలుగిటి మీద ఉంటుంది: ప్రెషర్ ప్లేట్ ఎంత గట్టిగా నొక్కుతోంది, మెటీరియల్ ఎంత పట్టు ఇస్తోంది, ప్లేట్ సైజు ఎంత, రాపిడి జరిగే ముఖాలు ఎన్ని. పోలో జీటీ 1.5 డీజిల్ తీసుకోండి. కంపెనీ ఇచ్చిన టార్క్ 250 ఎన్‌ఎం. రీమ్యాప్‌తో 320 చేశారనుకోండి, అంటే 28 శాతం ఎక్కువ. ఆ అదనపు పట్టు ఎక్కడి నుంచి తెచ్చారో, దాన్నిబట్టే పెడల్ ఫీల్ మారుతుంది.

మొదటి దారి, గట్టి ప్రెషర్ ప్లేట్. మామూలు ఆర్గానిక్ ప్లేటే ఉంచితే పట్టుకోవడం మెత్తగానే ఉంటుంది, కానీ పెడల్ బరువెక్కుతుంది. మీరు తొక్కిన ప్రతిసారీ క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద కూడా లోడ్ పెరుగుతుంది.

రెండోది సెరామిక్ బటన్ ప్లేట్. కంపెనీ ప్లేట్‌లో రెండు ఫేసింగ్‌ల మధ్య సన్నటి స్ప్రింగ్ రేకులు ఉంటాయి. పెడల్ వదిలేకొద్దీ పట్టు నెమ్మదిగా పెరిగేది వాటివల్లే. చాలా బటన్ ప్లేట్లలో అవి ఉండవు. వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ హాఫ్ క్లచ్ దాదాపు మాయం. లైట్ స్విచ్ లాగా, అయితే ఆన్, లేకపోతే ఆఫ్. కారు దడదడా ఊగి కదులుతుంది. మధ్యలో డ్యాంపర్ స్ప్రింగులు కూడా లేని ప్లేట్ అయితే గేర్‌బాక్స్ గలగల అదనం.

మూడోది ట్విన్ ప్లేట్. రాపిడి ముఖాలు రెండు నుంచి నాలుగవుతాయి. అదే నొక్కుడుకి దాదాపు రెట్టింపు టార్క్ మోస్తుంది, పెడల్ తేలిగ్గా ఉంచుకోవచ్చు. కాకపోతే ఖరీదు ఎక్కువ, పెడల్ తొక్కినప్పుడు ప్లేట్ల చప్పుడు వినిపించవచ్చు.

మరి రేసర్లు ఎలా భరిస్తారు? వాళ్ళకి మనలా పాకించే పని లేదండి. సీక్వెన్షియల్ డాగ్ గేర్‌బాక్స్ ఉన్న కారులో స్టార్ట్ అప్పుడు క్లచ్ వాడతారు, తర్వాత పై గేర్లు చాలావరకు క్లచ్ తొక్కకుండానే పడతాయి. ఫార్ములా వన్‌లో అయితే అరచేతిలో పట్టేంత కార్బన్ మల్టీప్లేట్ క్లచ్. దాని మీట స్టీరింగ్ వెనక ఉంటుంది, కాలితో పనే లేదు. ఇక 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది చూడండి, ఆ ఎలక్ట్రిక్ కార్లకి అసలు క్లచ్ పెడలే లేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గూడెం మార్కెట్ దగ్గర ఉల్లిపాయల లారీ వెనకో, ఆకివీడు రోడ్డులో చేపల లారీ వెనకో ఫస్ట్ గేర్‌లో అడుగడుగునా ఆగుతూ వెళ్ళాలి. హైవే మీద ఏలూరు దాకా ఏ క్లచ్ అయినా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తొక్కే పని తక్కువ. తేడా అంతా ఈ పాకుడులోనే. బటన్ ప్లేట్‌తో ముందు బండికి తగలకుండా రెండడుగులు జరపడం కష్టం. ఇంట్లో అమ్మో నాన్నో కూడా అదే కారు నడుపుతుంటే ఇది సేఫ్టీ విషయం కూడా.

అందుకే నా మాట: రోజూ నడిపే కారుకి, టార్క్ కొంచెమే పెరిగితే, గట్టి ప్రెషర్ ప్లేట్, మంచి ఆర్గానిక్ ప్లేట్, స్ప్రింగులున్న హబ్. టార్క్ బాగా పెంచేస్తే ట్విన్ ప్లేట్. బటన్ ప్లేట్ ట్రాక్ కారుకే.

అంతకంటే ముందు, నిజంగా జారుతోందో లేదో చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద, స్పీడ్ లిమిట్ లోపలే, నాలుగో గేర్‌లో 1,800 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లు ఎగిరి స్పీడ్ అక్కడే ఉంటే జారుతున్నట్టే. రెండూ కలిసి పెరిగితే మీ క్లచ్ బానే ఉంది, డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

మీ కారు ఏది, రీమ్యాప్ ఎంత, రోజూ ఏ రోడ్డులో తిరుగుతారు, కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో లైట్ ఫ్లైవీల్ సంగతి చూద్దాం. ఉంటానండి.