నూలుపోగులతో వెలుగును కొలుచుట



బట్టను గజముతో కొలిచెడివారము. ధాన్యమును మానికతో కొలిచెడివారము. మరి వెలుగును దేనితో కొలువగలము? వెలుగు తరంగములుగా సాగును. ఒక తరంగ శిఖరమునుండి తరువాతి శిఖరమునకు గల దూరమే తరంగదైర్ఘ్యము. అది ఏ స్కేలు గీతలకును అందదు. అయినను హుస్నాబాదులో ఏ ఇంటి ముంగిటనైనను, ఈ రాత్రియే, దానిని కొలువవచ్చును.

విద్యుద్దీపమునకు ముందు చిన్న రంధ్రము గల అట్ట నుంచుడు. రంధ్రము ప్రక్కన స్కేలు నిలుపుడు. 10 మీటర్ల దూరమున నిలిచి, సన్ననేత బట్టను కంటికి అడ్డముగా పట్టి చూడుడు. నడుమ తెల్లని చుక్క, దానికి నాలుగు దిక్కుల రంగుల చుక్కలు కనిపించును.

ఇదెట్లు కలిగెను? ఎల్లమ్మ చెరువులో రెండు రాళ్లు వేసిన, రెండు అలల వలయములు కలిసికొనును. శిఖరముపై శిఖరము పడినచోట అల పెరుగును. శిఖరము పల్లములో పడినచోట అణగును. ఇది వ్యతికరణము. పోగుల సందులలో దూరిన వెలుగు ఇరువైపులకు వ్యాపించుట వివర్తనము. ఈ రెండింటి ఫలమే ఆ చుక్కలు.

ఇక లెక్క. సెంటీమీటరుకు 50 పోగులున్న, పోగునకు పోగునకు దూరము 0.2 మిల్లీమీటరు. నడిమి చుక్కకు, ప్రక్కనున్న పసుపు చుక్కకు నడుమ సుమారు 30 మిల్లీమీటర్లుండును. ఈ రెంటిని హెచ్చించి, దీపపు దూరమైన 10,000 మిల్లీమీటర్లతో భాగింపగా 0.0006 మిల్లీమీటరు వచ్చును. అదియే పసుపు వెలుగు తరంగదైర్ఘ్యము! 1821లో ఫ్రాన్‌హోఫర్ సన్నని తీగలను వరుసగా బిగించి కొలిచినదియు ఈ విధముననే.

ఇంత చిన్న కొలతతో ప్రయోజనమేమని అడుగవచ్చును. అందుకు తెలుగునాటనే నిదర్శనము కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నములో పాగ్సన్ పరిశీలించిరి. సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వర్ణపటములో ఒక పసుపు గీత కనిపించెను. సోడియము గీతయే కాబోలునని తొలుత తోచెను. ఆ అక్టోబరులో ఇంగ్లండున లాక్యర్ ఆ గీత సోడియము చోట లేదని, కొంచెము ప్రక్కగా నున్నదని తేల్చెను. సోడియము గీతలు 0.0005890, 0.0005896 మిల్లీమీటర్లు, క్రొత్త గీత 0.0005876. తేడా నాలుగువందలలో ఒక వంతు! ఆ తేడాలో దాగియున్నది హీలియము. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొనెను.

మన బట్టకు అంత సూక్ష్మత లేదు. 50 పోగులకు 40 అని లెక్కించిన కొలత నాలుగవ వంతు తప్పును. కనుక భూతద్దముతో పోగులను మరల మరల లెక్కింపుడు. సూర్యుని మాత్రము బట్టచాటుననైనను చూడవలదు, కన్నులు చెడును.