చేతి రేడియో, యాంటెన్నా: కొనే ముందు ఒక మాట

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను సిగ్నల్స్ కోర్‌లో సూబేదార్‌గా చేసి వచ్చినవాణ్ణి. చదువు ఇంటర్మీడియట్. మిగతాదంతా జబల్‌పూర్ ట్రైనింగ్ సెంటరు, ఆ తర్వాత యూనిట్లు నేర్పినదే. ఈ ఊళ్ళో మన పిల్లలు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న సెట్లు చూసి, "అంకుల్, ఏ స్కానర్ కొనమంటారు?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం, వాళ్ళకి డబ్బులిచ్చే మన కోసం ఈ నాలుగు మాటలు.

మొదట తేడా తెలుసుకోవాలి. స్కానర్ అంటే వినే సెట్టు. ఛానళ్ళు వరసగా వెతుక్కుంటూ పోయి, మాట దొరికిన చోట ఆగుతుంది. వాకీటాకీలో కూడా స్కాన్ ఉంటుంది గానీ, దానికి మాట్లాడే బటన్ కూడా ఉంటుంది. బజార్లో రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. పక్కన నొక్కే బటన్ ఉంటే అది స్కానర్ కాదని గుర్తుపెట్టుకోండి.

ఇక యాంటెన్నా. అనుభవంతో చెప్తున్నాను, సెట్టు మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి యాంటెన్నా మీద పెట్టండి. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబుకి సుఖం, వినికిడికి కాదు. లెక్క సులువు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కి సుమారు రెండు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే అర మీటరు పొడవున్న కడ్డీ చాలు.

పొడవు కంటే ఎత్తు ముఖ్యం. ఎత్తుని మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.1తో హెచ్చవేస్తే అడ్డం లేని చోట ఎన్ని కిలోమీటర్ల చూపో తెలుస్తుంది. చేతిలో మీటరున్నర ఎత్తున పట్టుకుంటే 5 కిలోమీటర్లు. అదే 9 మీటర్ల ఎత్తున పెడితే 12 కిలోమీటర్లు. పక్క వీధి మాట సరిగా అందుకోలేని సెట్టులోనే, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెత్తి మీదుగా పోతున్నప్పుడు, వాళ్ళు మాట్లాడుతుంటే, 145.800 మీద వినొచ్చు. మధ్యలో అడ్డం లేకపోవడమే దాని మహత్యం.

కేబుల్ సంగతి కూడా చూడాలి. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ పది మీటర్లు లాగితే ఈ బ్యాండులో వచ్చిన సిగ్నల్‌లో మూడో వంతు దారిలోనే పోతుంది. అవసరమైనంతే లాగండి. వినడానికి మాత్రమే అయితే టీవీ కేబుల్ కూడా పనికొస్తుంది. ఇది రైల్వే ఊరు, మన నెత్తి మీద 25,000 వోల్టుల తీగ ఉంది. స్తంభం ఎటు పడినా ఆ తీగ దరిదాపుల్లోకి రాకూడదు. ఉరుములు మొదలైతే కేబుల్ తీసి బయట పడెయ్యండి.

ఇంతవరకూ ఏ దుకాణంవాడైనా చెప్తాడు. ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మా మేనల్లుడు సెట్టు కొనుక్కుంటానంటే, "ఏదైనా కొనుక్కోరా, యాంటెన్నా నేను కడతాను" అన్నాను. వాడు స్కానర్ అనుకుని కొన్నది వాకీటాకీ. నేను దాన్ని తిప్పి కూడా చూడలేదు. క్వార్టర్ మీద గొట్టం నిలబెట్టి, 9 మీటర్ల ఎత్తున యాంటెన్నా కట్టాను. వారం రోజులు వాడు విన్నాడు. ఓ సాయంత్రం బటన్ నొక్కి "హలో, హలో" అన్నాడు.

అది యార్డులో షంటింగ్ ఛానల్. మా బావ ఆ రోజు అక్కడే డ్యూటీ. కప్లింగ్ దగ్గర మనిషి వంగి ఉన్నాడు. బావ "ఆగు" అంటున్న మాట డ్రైవరుకి చేరలేదు. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ బలహీనమైన దాన్ని మింగేస్తుంది. బావ చేతిలో పొట్టి యాంటెన్నా, పిల్లాడి వెనక నేను కట్టిన ఎత్తు! మాట స్పష్టంగా రాకపోతే బండి ఆపెయ్యాలన్న కట్టుబాటు ఆ డ్రైవరు పాటించాడు కాబట్టి ఓ మనిషి ఆ రాత్రి ఇంటికెళ్ళాడు.

బావ ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఒక్క మాట అనలేదు. నా వైపు చూసి, "ఇరవై ఎనిమిదేళ్ళు సెట్టు మీద కూచున్నావు గదా, బావా" అన్నాడు. అంతే. మర్నాడు సెట్టు అప్పజెప్పడానికి ముగ్గురం వెళ్ళాం. తప్పు నాదని నేనే చెప్పాను.

అందుకే కొనే ముందు అనుమతి సంగతి చూడండి. వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలన్నది 1933 చట్టం నాటి మాట. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా అదే అంటోంది. పోలీసు, రైల్వే, సైన్యం మాటలు మనవి కావు. చెవిన పడినా నోట రాకూడదు. ఈ సంగతి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మరి సరదా ఉన్న పిల్లలకి దారి లేదా? ఉంది. 12 ఏళ్ళు నిండితే హామ్ రేడియో పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కూడా అక్కర్లేదు. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ కేంద్రం నడుపుతోంది. 26న సునామీ వచ్చి ఫోన్లు పడిపోతే, ఆ కేంద్రమే ద్వీపాల కబుర్లు బయటి ప్రపంచానికి అందించింది. సరదాగా పెట్టిన సెట్టే అది. కాకపోతే లైసెన్సుతో, క్రమశిక్షణతో పెట్టింది.

యాంటెన్నా ఎంత మంచిదైతే మన మంచి అంత దూరం పోతుంది. మన తప్పు కూడా అంతే దూరం పోతుంది. ముందు లైసెన్సు, తర్వాత యాంటెన్నా, ఆఖర్న సెట్టు. ఆ వరస తప్పొద్దు. మా మేనల్లుడు ఇప్పుడు పరీక్షకి చదువుతున్నాడు. గొట్టం ఖాళీగానే నిలబడి ఉంది. వాడికి లైసెన్సు వచ్చిన రోజున యాంటెన్నా మళ్ళీ నేనే కడతాను.

సెలవు. జై హింద్.